వరి చేసే రాతిపని

వరి చేలో కలుపు తీసినవాళ్ళకు ఆ ఆకు అంచు సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ముంజేతుల మీద, వేళ్ళ సందుల్లో సన్నటి గీతలు పడతాయి. సాయంత్రం స్నానానికి నీళ్ళు పోసుకుంటే చురుక్కుమంటాయి. ఆకును మొదట్నుంచి కొస దాకా నిమిరితే జారిపోతుంది, కొస నుంచి వెనక్కి లాగితే కోస్తుంది. అంచు పొడుగునా కొస వైపుకు వాలిన పళ్ళు వరసగా ఉంటాయి మరి. ఆ పళ్ళకు గట్టిదనం ఇచ్చింది సిలికా. ఇసుకలో ఉండేదీ, గాజులో ఉండేదీ, ఒపల్ రత్నంలో ఉండేదీ అదే. నేల నీటిలో కరిగి కంటికి కనపడకుండా ఉన్నదాన్ని వేళ్ళతో తాగి, నిలువెల్లా రాయిగా పోసుకునే మొక్క వరి. మనం పండించే పైర్లలో ఇంత రాతిపని చేసేవి చాలా తక్కువ.

వరి బెట్టకు తట్టుకోవాలంటే నేలకు సిలికాన్, అంటే సిలికాకు ఆధారమైన మూలకం, వేయాలన్న మాట ఇప్పుడు ఎరువుల కొట్ల దాకా వచ్చింది. దాన్ని కొత్తగా వచ్చిన ఒక మందుగా చూస్తే విషయం సగమే అర్థమవుతుంది. మొక్క తరతరాలుగా చేసుకుంటున్న పని ఒకటుంది. సిలికాన్ వేయడమంటే ఆ పనికి సరుకు అందించడం. సరుకు ఎక్కడ తరిగిపోతోందో, ఎవరు పట్టుకుపోతున్నారో చూస్తే గుంటూరు, ప్రకాశం మాగాణుల కథ కూడా అందులోనే కనిపిస్తుంది. ముందు ఆ పనితనాన్నే దగ్గరగా చూద్దాం.

ముదిరిన వరి ఆకు ముక్కను పారదర్శకంగా చేసి సూక్ష్మదర్శిని కింద పెడితే, ఈనెల మీదుగా వరసలు కట్టిన సిలికా కణాలు కనిపిస్తాయి. ఒక్కొక్కటీ డంబెల్ ఆకారంలో ఉంటుంది: అటూ ఇటూ రెండు గుండ్రటి తలలు, మధ్యలో సన్నటి నడుము. జీవకణంగా పుట్టి, లోపలంతా సిలికాతో నిండి, చివరకు ప్రాణం లేని రాతి దిమ్మెగా మిగిలిపోతాయవి. ఈనె నిలువునా సాగితే, ఈ దిమ్మెలు దానికి అడ్డంగా ఒకదాని తర్వాత ఒకటి పడి ఉంటాయి. అందుకే సిలికా బాగా అందిన వరి ఆకు వాలకుండా నిక్కి నిలబడుతుంది. ఎండ పైఆకుల్ని దాటి కింది ఆకుల దాకా దిగుతుంది. నత్రజని ఎక్కువై ఆకులు మెత్తబడి వేలాడే చేనుకూ దీనికీ తేడా గట్టు మీద నుంచే తెలిసిపోతుంది.

అసలు నేర్పు ఆకు పైచర్మంలో ఉంది. వరి ఆకు మీది మైనపు పొర చాలా పలుచన, మైక్రాన్‌లో పదో వంతు మాత్రమే. ఎండలో నీళ్ళు నిలుపుకోవడానికి అది ఏ మూలకూ చాలదు. జపాన్ శాస్త్రవేత్త షోయిచి యోషిదా బృందం 1962లో చూపించిందేమంటే, ఆ పలచటి మైనానికి సరిగ్గా కిందుగా సిలికా మరో పొరగా పరుచుకుంటుంది. దాని మందం సుమారు రెండున్నర మైక్రాన్లు. అంటే మైనానికి పాతిక రెట్లు. ఆకులో నీళ్ళు పోయే దారులు రెండు. పెద్దది పత్రరంధ్రాల దారి. అది మొక్క చేతిలో ఉంది, బెట్ట తగలగానే మూసేసుకోగలదు. రెండోది చర్మం గుండా ఊటలా పోయే దారి. దానికి తలుపు లేదు. ఆ తలుపులేని దారికి వరి కట్టుకున్న అడ్డుగోడ ఈ సిలికా పొర. సిలికాన్ అందిన వరిలో ఆకుల నుంచి ఆవిరయ్యే నీరు 30 శాతం దాకా తగ్గుతుందని జపాన్ పరిశోధకులు లెక్కగట్టారు. మైనపు పొర మందంగా ఉన్న మొక్కకు ఈ ఏర్పాటుతో ఇంత అవసరం ఉండేది కాదు. మైనం విషయంలో పేదగా పుట్టిన వరి, ఆ లోటును నేలలోని రాయితో పూడ్చుకుంది. నాకు ఈ మొక్క మీద గౌరవం పెంచిన సంగతుల్లో ఇదే మొదటిది.

గింజ పైపొట్టు మీద ఇంకా నాణ్యమైన పని ఉంది. వడ్ల గింజను భూతద్దంలో చూస్తే పొట్టు మీద నిలువు వరసల్లో చిన్న చిన్న బొడిపెలు కనిపిస్తాయి. ఎక్కువ పెద్దది చేసి చూస్తే ఒక్కో బొడిపెకు జంట శిఖరాలుంటాయి. వాటిలో సిలికా దట్టంగా చేరి ఉంటుంది. పొట్టుకు ఆకుకున్నట్టు పత్రరంధ్రాల వ్యవస్థ లేదు, నీళ్ళు పోతే చర్మం గుండానే పోవాలి. సిలికాన్ లేకుండా పెంచిన వరి వెన్ను నుంచి పాలు పోసుకునే దశలో నీటి నష్టం 20 శాతం, గింజ ముదిరే దశలో 30 శాతం ఎక్కువగా ఉంటుందని కొలతలున్నాయి. వెన్ను బయటికొచ్చిన వారంలో పొడి గాలి కొడితే గింజలు పాలు పోసుకోకుండా తెల్లగా తాలిపోవడం రైతులు ఎరిగినదే. అప్పుడు గింజలోని తేమను కాపాడగలిగేది ఆ పొట్టు గోడ ఒక్కటే.

ఇంత రాయిని మొక్క లోపలికి తెచ్చుకునేదెలా అన్న ప్రశ్నకు జవాబు 2006 దాకా దొరకలేదు. ఒకాయామా విశ్వవిద్యాలయంలోని జియాన్ ఫెంగ్ మా బృందం, సిలికాన్‌ను సరిగా తీసుకోలేని ఒక వరి మొక్కను ముందుగా పట్టుకుంది. దాని లోపం ఏ జన్యువులో ఉందో వెతికి, ఎల్‌ఎస్‌ఐ1 అనే రవాణా ప్రోటీన్‌ను ఆ ఏడాది నేచర్ పత్రికలో ప్రకటించింది. మరుసటి ఏడాది ఎల్‌ఎస్‌ఐ2 బయటపడింది. రెండూ ఒకే వేరు కణంలో ఉంటాయి, కానీ ఎదురెదురు గోడల మీద. మట్టి వైపు గోడ మీది ఎల్‌ఎస్‌ఐ1 సిలిసిక్ ఆమ్లాన్ని, అంటే నీళ్ళలో కరిగిన సిలికాను, లోపలికి రానిస్తుంది. లోపలి వైపు గోడ మీది ఎల్‌ఎస్‌ఐ2 శక్తి ఖర్చుపెట్టి దాన్ని వేరు మధ్యకు తోస్తుంది. కాలువ మీద ఎగువన ఒక తూము, దిగువన ఒక తూము పెట్టి నీళ్ళను ఒకే దిక్కున నడిపించినట్టు ఉంటుంది ఆ అమరిక. పైగా వేరులో నీళ్ళు సందుల గుండా దొంగదారిన జారకుండా కట్టడి చేసే కణాల పట్టీలు రెండున్నాయి. సరిగ్గా ఆ పట్టీల దగ్గరే ఈ రెండు ప్రోటీన్లూ కాపుంటాయి. నేలనీటిలో సిలిసిక్ ఆమ్లం బాగా పలుచన. వేరు దాటి, నీటిని పైకి మోసే దారువులోకి చేరేసరికి, నీళ్ళలో కరిగి ఉండగల హద్దుకు కొన్ని రెట్లు చిక్కగా ఉంటుంది. మామూలుగా అంత చిక్కదనంలో అది గడ్డకట్టాలి. గడ్డకట్టేలోపే మొక్క దాన్ని ఆకుల దాకా చేర్చేస్తుంది. నీరు ఆకులో ఆవిరైపోయి, రాయి వెనక మిగిలిపోతుంది.

ఇదే తూము గుండా ఆర్సెనిక్ కూడా లోపలికి వస్తుందని అదే బృందం 2008లో తేల్చింది. నేలలో సిలికాన్ సమృద్ధిగా ఉంటే ఆర్సెనిక్‌కు చోటు తగ్గుతుంది. ఆ సంగతి బెంగాల్ డెల్టా వాళ్ళకు ముఖ్యం. మనం ముందుకు పోదాం.

ఒకసారి ఆకులో పోసుకున్న సిలికాను వరి మళ్ళీ కరిగించి వేరేచోటికి పంపలేదు. నత్రజని తగ్గితే ముసలి ఆకులోంచి లేత ఆకుకు తరలించుకుంటుంది. అందుకే కింది ఆకులు ముందు పండుతాయి. సిలికా విషయంలో అలాంటి అప్పులేమీ కుదరవు. ప్రతి కొత్త ఆకూ, ప్రతి వెన్నూ తన వాటా నేల నుంచి తాజాగా తెచ్చుకోవాల్సిందే. ఇంకో చిక్కుంది. మొత్తం సిలికాన్‌లో మూడింట రెండు వంతులు వరి తీసుకునేది చిరుపొట్ట నుంచి ఈనిక దాకా ఉన్న ఆ కొద్ది వారాల్లోనే. మన ప్రాంతంలో బెట్ట తగిలితే చేనుకు ఎక్కువ నష్టం చేసేదీ ఆ వారాల్లోనే. అప్పుడు నీళ్ళు అందకపోతే వెన్ను పొట్టలోంచి పూర్తిగా బయటికి రాదు, పుప్పొడి చెడుతుంది, కోతలో తాలు తేలుతుంది.

గుంటూరు, ప్రకాశం వాసులకు ఈ లెక్క పుస్తకాల్లో చదవాల్సిన పని లేదు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. కుడి కాలువకు జవహర్ కాలువ అని పేరు పెట్టారు. మాచర్ల, నరసరావుపేట వైపు మెట్టలను దాటుకుంటూ అద్దంకి, దర్శి దాకా పోయే ఆ కాలువకు చివరి భూములు ఎప్పుడూ చివరివే. ఎగువ రిజర్వాయర్లు నిండాక గాని సాగర్‌కు నీళ్ళు రావు. అవి వచ్చాక గాని చివరి మేజరుకు తడి తగలదు. 2015లోనూ, 2023లోనూ కృష్ణ ముఖం చాటేసింది. అలాంటి ఏళ్ళలో మాగాణి రైతు అరకలు కట్టి ఆకాశం వైపు చూస్తాడు. కొందరు నారు మానేసి వెద పెడతారు. కొందరు నిలవ నీరు వదిలేసి ఆరుతడి మీద వరిని లాక్కొస్తారు. ఇంకొందరు మిర్చికో పత్తికో శనగకో మళ్ళిపోతారు.

ఇక్కడే ఒక రెండంచుల దెబ్బ ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. నీళ్ళు నిలిచిన మాగాణిలో గాలి ఆడక నేలలోని ఇనుము ఆక్సైడ్లు కరుగుతాయి. వాటిని అంటిపెట్టుకుని ఉన్న సిలికా కూడా విడుదలై నేలనీటిలో చేరుతుంది. దమ్ము చేసి నీళ్ళు నిలిపిన మడి అందుకే వరికి సిలికాన్ గని. ఆరుతడికి మారిన క్షణం నుంచి ఆ విడుదల తగ్గుతుంది. కాలువ నీళ్ళది ఇంకో వాటా. కృష్ణ మహాబలేశ్వరంలో పుట్టి దక్కన్ బసాల్ట్ రాతిని కడుక్కుంటూ వస్తుంది. ఆ రాతి సిలికా కొంత నీళ్ళలో కరిగి ఉంటుంది. లీటరుకు 10 మిల్లీగ్రాములే అనుకున్నా, ఎకరా మీద మీటరు ఎత్తు నీళ్ళు పారితే దాదాపు 40 కిలోల సిలికా కాలువలోంచి ఉచితంగా మడిలోకి వచ్చినట్టు. కాలువ రాని ఏడాది ఆ 40 కిలోలూ రావు. అంటే ఆకుకు అడ్డుగోడ ఎక్కువ అవసరమైన ఏడాదే గోడకు సరుకు తక్కువ. వెద వరికీ ఆరుతడి వరికీ సిలికాన్ గురించి ప్రత్యేకంగా ఆలోచించాలనడానికి నాకు ఇంతకంటే బలమైన కారణం కనపడదు.

ఎంత సరుకు కావాలి? అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ లెక్క ప్రకారం టన్ను వడ్లు పండడానికి వరి సగటున 80 కిలోల సిలికాన్ తీసుకుంటుంది. మన కొలతలో చూద్దాం. ఎకరాకు 75 కిలోల బస్తాలు 30 పండాయనుకుంటే 2,250 కిలోల వడ్లు. చేను తీసుకున్న సిలికాన్ 180 కిలోలు, సిలికాగా చెబితే దాదాపు 385 కిలోలు. అదే చేను తీసుకునే నత్రజని 40 కిలోల చిల్లర. యూరియా బస్తా కోసం తెల్లవారుజామున లైన్లో నిలబడతాం. దానికి నాలుగున్నర రెట్లు నేలలోంచి పోయే ఇంకో సరుకు పేరు లెక్కలోకే రాదు. అందులో 80 శాతం, అంటే 300 కిలోల సిలికా, గడ్డిలో ఉంటుంది. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం ఊకతో మిల్లుకు పోతుంది. మిల్లు వైపు నుంచి లెక్క సరిచూసుకోవచ్చు: 2,250 కిలోల వడ్లు ఆడిస్తే 450 కిలోల ఊక, దాన్ని కాలిస్తే 90 కిలోల బూడిద, ఆ బూడిదలో 80 కిలోల పైచిలుకు సిలికా. రెండు వైపుల లెక్కా కలుస్తోంది.

పూర్వం గడ్డి వామిలోంచి పశువుల కొట్టంలోకి పోయేది. ఒంగోలు గిత్తా, ముర్రా గేదే తిన్న గడ్డిలో సిలికా అరగదు. అంతా పేడలోకి వస్తుంది. పేడ దిబ్బలోకి, దిబ్బ బండెక్కి చేలోకి చేరేది. ఎవరూ సిలికాన్ పేరు ఎత్తకుండానే ఆ చక్రం తిరిగింది. ఇవాళ కోత యంత్రం నలిపేసిన గడ్డిని కొందరు కట్టలు కట్టించి అమ్మేస్తున్నారు. తెనాలి, దుగ్గిరాల వైపు వరి కోయగానే దున్నకుండా మొక్కజొన్న పెట్టే అలవాటు బలపడింది. పొలం త్వరగా ఖాళీ కావాలని గడ్డికి నిప్పు పెట్టేవాళ్ళున్నారు. కాల్చితే నత్రజని గాలిలో కలుస్తుంది, నేల పైపొరలో జీవం మాడుతుంది, ఊళ్ళో పొగ. కాకపోతే సిలికా మాత్రం పొగలో పోదు, బూడిదగా మడిలోనే ఉంటుంది. అమ్మేసిన గడ్డి అలా కాదు, సిలికాతో సహా లారీ ఎక్కి ఊరు దాటిపోతుంది. గడ్డి అమ్మడం తప్పని నేననను, ఆ డబ్బు అవసరం అలాంటిది. కానీ గడ్డి ధర బేరమాడేటప్పుడు ఎకరాకు 300 కిలోల సిలికా కూడా బేరంలో పోతోందని రైతుకు తెలియాలి.

నేలలన్నీ ఒకేలా స్పందించవు. బాపట్ల తీరపు ఇసుక నేలలు చూడండి. చినగంజాం పరిసరాల ఇసుక గాజు తయారీకి పనికొచ్చేంత సిలికా ఉన్నది. అలాంటి ఇసుకలో పెరిగే వరికి సిలికాన్ కొరత ఏమిటని ఎవరైనా అడుగుతారు. ఇసుకలోని సిలికా క్వార్ట్జ్ స్ఫటికం. అణువులు గట్టిగా అల్లుకుపోయి ఉంటాయి, నీళ్ళలో కరగడం మహా కష్టం. వరి ఆకులోని సిలికాకు స్ఫటిక రూపం లేదు, దాంతో పోలిస్తే క్వార్ట్జ్ కరిగేది సుమారు పదో వంతు. అందుకే ఇసుక మీద నిలబడ్డ వరి సిలికాన్‌కు మొహం వాచి ఉండొచ్చు, తన సొంత గడ్డి మళ్ళీ నేలలో పడితే కడుపు నిండొచ్చు. నల్లరేగడి పరిస్థితి వేరు. అందులోని బంకమట్టి ఖనిజాలు సిలికాను నిదానంగా వదులుతుంటాయి, నిల్వ మెరుగు. అలాంటి నేలలో నీళ్ళు నిలిపి పండించే వరికి పైనుంచి వేసే సిలికాన్‌తో పెద్ద తేడా ఆశించకూడదు. ఇసుక నేలలు, ఎర్ర చల్కలు, ఏళ్ళ తరబడి గడ్డి తీసేస్తున్న మాగాణులు, వెద వరి పొలాలు: వీటికి మొదటి పీట వేయాలి. కోత సమయంలో గడ్డిని పరీక్షిస్తే విషయం తేలిపోతుంది. గడ్డిలో సిలికాన్ 5 శాతం కంటే తక్కువుంటే ఆ చేనుకు కొరత ఉన్నట్టు, 8 నుంచి 10 శాతం ఉంటే బాగా ఉన్నట్టు.

ఈ నేల మీదే పుట్టిన బీపీటీ 5204 గురించి రెండు మాటలు చెప్పాలి. 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఈ సాంబ మసూరి తెలుగువాడి పళ్ళెంలో సన్నబియ్యానికి మారుపేరైంది. అన్నం రుచిలో దానికి సాటి లేదు. దాని బలహీనతలూ అందరికీ తెలిసినవే: అగ్గి తెగులుకు లొంగుతుంది, ఎండాకు తెగులుకు లొంగుతుంది, గింజ బరువెక్కాక గాలీవానా వస్తే పడిపోతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన చేలు ఎలా పరుచుకున్నాయో చూసినవాళ్ళు మర్చిపోలేరు. సిలికాన్ తుపాన్లను ఆపదు. కానీ అగ్గి తెగులుకూ సిలికాకూ ఉన్న సంబంధం ఈ విద్యలో అన్నిటికంటే పాతది: జపాన్‌లో ఒనోదెరా అనే శాస్త్రవేత్త 1917లోనే తెగులు సోకిన వరిలో సిలికా తక్కువగా ఉందని గమనించాడు. కాండం గోడ గట్టిపడి చేను నిలబడే శక్తి పెరగడం ఆ తర్వాత ఎన్నో చోట్ల చూశారు. నీరు తక్కువైన చేలో అగ్గి తెగులు ఎక్కువ ఉధృతంగా వస్తుంది కూడా. బెట్టకు వేసిన సిలికాన్ తెగులు దగ్గరా ఉపయోగపడుతుంది.

ఏ రూపంలో వేయాలి? జపాన్ 1955లోనే ఉక్కు కర్మాగారాల చిట్టాన్ని సిలికా ఎరువుగా అధికారికంగా గుర్తించింది. అది కాల్షియం సిలికేట్; సిఫారసు మోతాదు హెక్టారుకు ఒకటిన్నర నుంచి రెండు టన్నులు. విశాఖ ఉక్కు కర్మాగారంలోనూ చిట్టం వస్తుంది, అది ఎక్కువగా సిమెంటు కంపెనీలకు పోతుంది. దాన్ని మన పొలాలకు మళ్ళించాలని తొందరపడే ముందు ఒకటి గుర్తుంచుకోవాలి. చిట్టం సున్నపు గుణం ఉన్నది. జపాన్ ఆమ్ల నేలలకు అది రెండు విధాలా మేలు. మన రేగళ్ళలో ఉదజని సూచిక ఇప్పటికే 8 దాటి ఉంటుంది, చాలాచోట్ల సున్నం గుళికలు చేతికే తగులుతాయి. అక్కడ మళ్ళీ సున్నం పోయడం జింకు లోపాన్ని పిలిచి తెచ్చుకోవడమే.

మనకు చేతికందే సరుకు ఊక. దాన్ని ఎలా కాలుస్తామన్నదానిలోనే అంతా ఉంది, ఇక్కడ మనిషి పనితనం మొక్క పనితనానికి జత కలవాలి. ఊకలోని సిలికా స్ఫటికం కాని రూపంలో ఉంటుంది కాబట్టే నేలలో కరుగుతుంది. మంట వేడి 700, 800 డిగ్రీలు దాటితే అది స్ఫటికంగా బిగుసుకోవడం మొదలవుతుంది. ఇసుక జాతిలో చేరిపోతుంది. మిల్లు బాయిలర్‌లో ఉధృతంగా మండిన బూడిద బస్తాలకొద్దీ దొరికినా అందులో కొంత ఇలా చచ్చిన సరుకే కావచ్చు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకూ మంచిది కాదు. జపాన్ పల్లెల్లో కుంతన్ పేరుతో ఊకబొగ్గు చేసే పద్ధతి ఒకటుంది. చిల్లులున్న రేకు గొట్టాన్ని నిలబెట్టి, అడుగున చిన్న మంట రాజేసి, చుట్టూ ఊకను కుప్పగా పోస్తారు. మంట పైకి లేవకూడదు, లోపల్నుంచి మగ్గాలి. నలుపు మెల్లగా కుప్ప పైకి పాకుతుంది. నలుపు కనపడ్డ చోటల్లా బయటి పచ్చి ఊకను ఎగదోసి కప్పుతుంటారు. కుప్పంతా నల్లబడ్డాక, బూడిదగా తెల్లబారకముందే నీళ్ళు చల్లి ఆర్పేస్తారు. ఆ అదను తప్పితే మిగిలేది బూడిదే. సరిగ్గా కుదిరిన ఊకబొగ్గును చేతిలోకి తీసుకుంటే ప్రతి పొట్టూ తన ఆకారం చెడకుండా, పడవలాంటి వంపుతో సహా అలాగే ఉంటుంది. కర్బనం నల్లబడినా దాన్ని నిలబెట్టిన సిలికా చట్రం చెక్కుచెదరదు. సేంద్రియ కర్బనంతో పాటు పొటాష్ కూడా కొంత వస్తుంది.

మహారాష్ట్రలో ఎన్.కె. సావంత్ అనే నేల శాస్త్రవేత్త ఈ పనిని చిన్న రైతుకు అందేలా కుదించారు. చార్‌సూత్రి పేరుతో ఆయన ప్రచారం చేసిన వరి సాగు పద్ధతిలో మొదటి సూత్రమే ఊక నల్లబూడిదను నారుమడిలో కలపడం, గడ్డిని పొలంలోనే మళ్ళీ దున్నడం. నారుమడికి చదరపు మీటరుకు అరకిలో నుంచి కిలో. మన లెక్కలో ఎకరా నాటుకు 5 సెంట్ల నారుమడి పోస్తే 200 చదరపు మీటర్లు. అంటే 100 కిలోల నల్లబూడిదతో పని జరుగుతుంది. ఎకరా మొత్తానికి టన్నులు మోయలేని రైతు కూడా ఇంత చేయగలడు. మొలక దశలోనే రాయి తాగిన నారు నిటారుగా, మొదలు గట్టిగా పెరుగుతుంది. మన దేశంలో ఈ విద్య మీద పని బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో విస్తృతంగా సాగింది. 2017లో వ్యవసాయంలో సిలికాన్ మీద అంతర్జాతీయ సదస్సు కూడా బెంగళూరులోనే జరిగింది. బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది, వరి పరిశోధన కేంద్రం ఉంది, లాంలో విశ్వవిద్యాలయం ఉంది. వెద వరికీ ఇసుక మాగాణికీ తగిన మోతాదులు ఇక్కడి మళ్ళలోనే తేలాలని గట్టిగా కోరుకుంటున్నాను.

మిర్చి, పత్తి రైతులు ఇదంతా చదివి తమ చేలకూ సిలికాన్ డబ్బాలు కొనాలని అనుకోవచ్చు. ఆగమని చెప్పాలి. వరి వేళ్ళలో ఉన్న తూముల ఏర్పాటు ఆ మొక్కల్లో అంత బలంగా లేదు. వరి ఆకు ఎండు బరువులో పదో వంతు దాకా సిలికాన్ ఉండగలదు. మిర్చి, పత్తి ఆకుల్లో ఉండేది అందులో చిన్న భాగం. నల్ల తామర పురుగు వచ్చిన 2021-22లో మిర్చి రైతు చేతికందిన ప్రతి డబ్బా పిచికారీ చేసి ఎంత నష్టపోయాడో గుంటూరు యార్డుకు తెలుసు. వరి మీద నిజమైన మాటను మిర్చికి అతికించి అమ్మితే ఆ నష్టానికి ఇంకొంత చేర్చినట్టే. వరి విషయంలోనూ ఆకు మీద చల్లే మందు, వేరు తాగే సరుకుకు బదులు కాదు. ఎకరాకు 180 కిలోల సిలికాన్ తీసుకునే పైరు మీద లీటరు మందులో గ్రాముల లెక్కన చల్లితే ఆ గోడ లేవదు. ఆ ఖజానా వేళ్ళ దారినే నిండాలి.

అదను కూడా నేల చెప్పినట్టే ఉండాలి. సిలికాన్ నీళ్ళతో పాటే వేరులోకి వస్తుంది; మడి నెర్రెలు బారాక వేస్తే అది మట్టిలోనే ఉండిపోతుంది. గడ్డి కలియదున్నేవాళ్ళు దమ్ముకు కనీసం మూడు వారాల ముందు చేయాలి, లేకపోతే కుళ్ళే గడ్డి లేత పైరు నత్రజని లాగేసుకుంటుంది. ఊక నల్లబూడిద ఆఖరి దమ్ములో, వెద పొలమైతే ఆఖరి దుక్కిలో. పశువుల ఎరువు దొరికినవాళ్ళు అదే తోలుకోవచ్చు, అందులో గడ్డి సిలికా అప్పటికే కలిసి ఉంది. చిరుపొట్ట నాటికి మొక్క చుట్టూ సరుకు సిద్ధంగా ఉంటే, ఆ తర్వాత కాలువ పది రోజులు ఆలస్యమైనా పైఆకు చర్మం కింద గోడ అప్పటికే లేచి ఉంటుంది.